దేవుడు కళ్లు మూసుకునే చోటు

పోయిన వారం మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో సంఘం సెక్రటరీ గారు ఒక ఫొటో పెట్టారు. కింద సెల్లారులో, జనరేటరు వెనక మూల గోడకు వరసగా దేవుళ్ల టైల్సు అతికించారు. వేంకటేశ్వరస్వామి, వినాయకుడు, దుర్గమ్మ, శివుడు, ఎవరి భక్తి వాళ్లది కనుక పక్కనే ఒక మసీదు బొమ్మా, ఒక సిలువా కూడాను. ఆ మూలకు డ్రైవర్లూ, పార్సిళ్లు తెచ్చే కుర్రాళ్లూ వెళ్లి పాడు చేస్తున్నారని, కంపు భరించలేకపోతున్నామని నెలరోజులుగా గ్రూపులో ఒకటే గోల. ఫొటో రాగానే దండాలూ పువ్వులూ కుప్పలుగా వచ్చి పడ్డాయి. మా కోడలు ఒక దండం పెట్టింది. మా అబ్బాయి సూపర్ ఐడియా అని రాశాడు. ఇద్దరూ ఆఫీసుల్లో ఉన్నారు. నేను అమీన్‌పూర్‌లోని ఈ ఇంట్లో సోఫాలో కూర్చొని ఆ ఫొటో చూస్తున్నాను. వంటగదిలో పనమ్మాయి గిన్నెలు కడుగుతోంది. రోజూ అడిగినట్టే టీ తాగుతావా అని అడిగాను. రోజూ చెప్పినట్టే, వద్దమ్మా, ఇప్పుడే తాగి వచ్చిన అంది. ఈ మర్యాదస్తురాలితో వేగలేనని గొణుక్కుంటూ నా టీ నేను తాగాను.

ఆ ఫొటో చూసి నాకు భక్తి కలగలేదు. సిగ్గేసింది, చెవులు వేడెక్కేంత సిగ్గు. సూపర్ ఐడియా అన్న నా కొడుక్కి ఆ ఐడియా వాళ్ల తాతదని తెలియదు. లోకంలో అందరికంటే ముందు గోడకు దేవుళ్లను అతికించింది మా నాన్నేనని నేను దబాయించలేను గాని, పాశమైలారంలో మా కంపెనీ గోడకు అతికించింది మాత్రం ఆయనే. ఈ సంగతి ఇన్నేళ్లుగా నేను ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పుకునే సంగతీ కాదు. నా ఈడు ఆడవాళ్లు చదివితే అర్థం చేసుకుంటారన్న ధైర్యంతో రాస్తున్నాను. మగవాళ్లు చదవకూడదని కాదు, చదివితే ఇంకా మంచిది.

మాది పాశమైలారం పక్కన ఒక చిన్న ఊరు. మా తాతల నాటి జొన్నచేను, కందిచేను కంపెనీల కింద పోయాయి. అలా మంచె మీద కూర్చొని పిట్టలను తోలిన మా నాన్న, అదే చేలో లేచిన మందుబిళ్లల కంపెనీకి వాచ్‌మన్ అయ్యాడు. ఖాకీ బట్టలు తొడుక్కున్న మొదటి రోజు అమ్మ దిష్టి తీసింది. గేటు దగ్గర ఆగిన లారీ డ్రైవర్లకు, తెలుగు వచ్చినా రాకపోయినా, మన బావి ఎక్కడుండేదో, కంది ఎక్కడ పెట్టేవాళ్లమో చేయి చాపి చూపించేవాడు. నేను పదో తరగతి పాసయ్యాక అదే కంపెనీ ప్యాకింగులో చేరాను. మా మేనత్త, అంటే నాన్న చెల్లెలు, అప్పటికే అక్కడ కాంట్రాక్టు కూలీగా డ్రమ్ములు కడుగుతోంది. ఆమె చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చి మాతోనే ఉండిపోయిన మనిషి, నోట్లో ఎప్పుడూ పొగాకు, ఆ నోటికి ఊరంతా హడల్. కొడుకులు లేకపోయినా నన్ను కోడలా అనే పిలిచేది. పొద్దున ముగ్గురం కలిసి నడిచి వెళ్లేవాళ్లం. గేటు దాటితే మాత్రం నాన్న నాన్న కాదు, వాచ్‌మనే. మందుబిళ్లలు బయటికి పోకుండా సాయంత్రం అందరి సద్దిసంచులూ తెరిచి చూడటం ఆయన డ్యూటీ, చెల్లెలి సంచి అనీ కూతురి సంచి అనీ వదిలేసేవాడు కాదు. ఆ సంచుల సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

నాన్నకు దేవుడు లేని చోటు లేదు. మాటవరసకు అనడం లేదు. పొద్దున మంచం దిగేముందు నేలను తాకి కళ్లకద్దుకునేవాడు. వేడినీళ్లు నేలమీద పారబోయనిచ్చేవాడు కాదు, కింద ఏ జీవమున్నదో, ఆ జీవంలో ఎవరున్నారో అనేవాడు. పొద్దువాలాక తులసాకు తెంపితే కోపం, పడుకున్న దేవుణ్ని లేపుతారా అని. బస్సు మెట్టుకు దండం, తరాజుకు దండం, చివరికి కంపెనీ గేటు తాళంచెవికీ దండం. ఒకసారి హారను కొట్టి విసుక్కున్న లారీవాణ్ని, ఆగు, తాళానికి మొక్కుతున్న కనిపిస్తలేదా అని కసిరాడట, ఊళ్లో అది చాలా రోజులు చెప్పుకొని నవ్వారు.

శనివారం శనివారం హనుమంతుడి గుడి ముందు భజన. హార్మోనియం ముందు నాన్న, చుట్టూ తాళాలవాళ్లు. ఆయన గొంతు కంచు. పాటకూ పాటకూ మధ్య నాలుగు మాటలు చెప్పేవాడు, ఎప్పుడూ అవే మాటలు, స్తంభంలో ఉన్నడు, గడ్డిపోచలో ఉన్నడు, నీలో ఉన్నడు, నాలో ఉన్నడు, ఆయన సూడని తావు లేదు అని. చిన్నప్పుడు ఆ మాట నాకెంత ఇష్టమో. ఒంటరిగా ఊరవతలి కంచె బీడులోంచి నడిచి రావలసి వస్తే దాన్నే జపం చేసుకుంటూ వచ్చేదాన్ని. పెద్దమనిషినయ్యాక అదే మాట ఒళ్లు ముడుచుకునేలా చేసింది. స్నానానికి కూర్చుంటే గుర్తొచ్చేది, బట్టలు మార్చుకుంటుంటే గుర్తొచ్చేది. చూడని తావు లేకపోతే ఇప్పుడూ చూస్తున్నట్టేగా? ఈ పిచ్చి నా ఒక్కదానిదేనా, మీలో ఎవరికైనా ఉండేదా, నాకు తెలియదు. అమ్మను అడిగితే, ఆడపిల్లకు గసుంటి అనుమానాలు రావొద్దు అని కసిరింది. అడిగినందుకే సిగ్గుపడి మళ్లీ ఎవరినీ అడగలేదు.

ఇక అసలు సంగతికి రావాలి. రావడానికి చేయి మొరాయిస్తోంది. బళ్లో ఒంటికి, రెంటికి అని వేళ్లు చూపించేవాళ్లం, ఇంట్లో బయటికి అనేవాళ్లం, పెళ్లయ్యాక అత్తగారి ముందు అదీ అనలేక చెంబు తీసుకొని నిలబడితే వాళ్లే అర్థం చేసుకునేవాళ్లు. కంపెనీలో ఆడవాళ్లకు ఆ పనికి చోటు లేదు. ఆఫీసు వైపు ఒక బాత్రూం ఉండేది, దానికి తాళం, ఆ తాళంచెవి లెక్కలు రాసే గుమాస్తా బల్ల సొరుగులో. ప్యాకింగు పిల్లలం అడిగితే ఇచ్చేవాడు, ఇచ్చేముందు గడియారం వైపు చూసేవాడు, ఆ తర్వాత మా వైపు చూసి ఒక నవ్వు నవ్వేవాడు. ఆ నవ్వు చూడటం కన్నా వెళ్లకపోవడమే నయమనిపించేది. కాంట్రాక్టు ఆడవాళ్లకు ఆ తలుపు దాటే వీలే లేదు. అందుకని మేమంతా వెనక సందును నమ్ముకున్నాం. మా కంపెనీ గోడకూ పక్క కంపెనీ గోడకూ నడుమ తుమ్మలు మొలిచిన సందు అది. అన్నాలు తిన్నాక గుంపుగా వెళ్లేవాళ్లం, ఒకరు సందు మొదట్లో నిలబడి దగ్గుతుంటే మిగతావాళ్లం లోపలికి. మగవాళ్లు మాత్రం రోడ్డు వైపు గోడ పొడుగునా ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ నిలబడేవాళ్లు, ఆ వరస మెల్లగా సందులోకీ పాకింది.

అప్పుడే కంపెనీకి పరాయి దేశం నుంచి తనిఖీకి వస్తారని కబురు వచ్చింది. మేనేజరు గారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవారు, మంచివారే, ఏటా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకొని మాకందరికీ ప్రసాదం పంపేవారు. గోడ మీద తెలుగులోనూ హిందీలోనూ రాయించారు, ఇక్కడ పోయరాదని. రాసిన అక్షరాల మీదే పోశారు. వాచ్‌మన్ ఉండి ఏం లాభమని ఆయన నాన్న మీద విసుక్కున్నారు. నాన్న రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోనాడు మేనేజరు గారి ముందుకు వెళ్లి, సార్, బోర్డుకు ఎవ్వరు బుగులు పడరు, దేవునికైతే పడతరు అన్నాడట.

పటాన్‌చెరులో టైల్సు దుకాణానికి తానే వెళ్లి, ఒక్కొక్క దేవుణ్నీ ఏరి తెచ్చాడు. తువ్వాలతో తుడిచి, సిమెంటుతో తన చేత్తోనే అతికించాడు, రోడ్డు వైపు గోడకూ, సందులోపల గోడకూ, మోకాలెత్తున, సూటిగా మొహం మీదికి చూసేలా. ఒక్కొక్కరికీ కుంకుమ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. మేనేజరు గారు అందరిముందూ వీపు తట్టారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర కొబ్బరిముక్కలు పంచారు. నేను తిన్నాను, మా మేనత్త తిన్నది, ఇద్దరం కళ్లకద్దుకొని మరీ తిన్నాం. ఆ సందు ఆడవాళ్లదని నాన్నకు తెలియదా అంటే ఏం చెప్పను? తెలుసుకోవాలనుకుంటే తెలిసేది. ఆడవాళ్లు ఎక్కడికి వెళతారన్న ఆలోచన మనసులోకి రానివ్వకపోవడమే మర్యాద అనుకునే తరం ఆయనది.

మగవాళ్లు దేవుళ్లకు దండం పెట్టుకొని అవతలికి జరిగి, రోడ్డు వైపే ఉన్న పక్క కంపెనీ గోడను పట్టుకున్నారు. వాళ్లకు అంతటితో సరిపోయింది. ఆ మధ్యాహ్నం అన్నాలు తిని మేము సందులోకి వెళ్లాం. ముందు మా మేనత్త, వెనక మేమంతా. వెళ్లి నిలబడిపోయాం. ఎదురుగా వేంకటేశ్వరస్వామి, పక్కన అమ్మవారు, ఆ పక్కన హనుమంతుడు. మొహం అటు పెట్టి ఎలా కూర్చుంటాం? పోనీ ఇటు తిరుగుదామంటే దేవుడికి వీపు, ఇంకా ఆ పైన చెప్పలేను. ఒక ముసలామె కొంగుతో ఒక టైలును కప్పి చూసింది, ఒక్క కొంగు ఎందరు దేవుళ్లకు సరిపోతుంది? మా మేనత్త నడుం మీద చేతులు పెట్టుకొని, ఏడుకొండలోడా, జెర అటు మళ్లు అంది. అందరం పగలబడి నవ్వాం. నవ్వి నవ్వి, ఎవ్వరం కూర్చోకుండానే తిరిగి వచ్చేశాం.

ఆ మర్నాటి నుంచి మాకొక ఉపాయం తట్టింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అందరికీ తట్టింది. నీళ్లు తాగడం మానేశాం. నేను నీడపట్టున కూర్చొని డబ్బాల్లో బిళ్లలు సర్దేదాన్ని, ఆపుకోలేనప్పుడు గుమాస్తా నవ్వును భరించి తాళంచెవి అడిగేదాన్ని. మా మేనత్తకు ఆ దారీ లేదు. ఎండాకాలం, రేకుల షెడ్డు, ఆవిరి కక్కే వేడినీళ్లతో డ్రమ్ములు కడగడం. పెదాలు పగిలిపోయేవి. నోరు తడుపుకొని ఉమ్మేసేది గాని గుటక వేసేది కాదు. పొద్దున అమ్మ నింపి ఇచ్చిన నీళ్ల సీసా సాయంత్రం అలాగే నిండుగా ఆమె సంచిలో ఇంటికి వచ్చేది. గేటు దగ్గర నాన్న సంచి తెరిచి చూసేవాడు. సద్దిగిన్నె ఖాళీ, సీసా నిండు. ఏందే, నీళ్లు తాగనే లేదు అనేవాడు. యాదికి లేదన్నా అనేది ఆమె. రోజూ ఆయన చూశాడు, రోజూ అదే అడిగాడు, రోజూ అదే జవాబు విన్నాడు. పక్కన నా సంచి తెరిచి పట్టుకొని నేను నిలబడి ఉండేదాన్ని. ఒక్క మాట చెబితే అయిపోయేది. కన్నతండ్రితో ఆ మాట ఏ నోటితో చెప్పడం?

ఒకరోజు డ్రమ్ముల దగ్గరే ఆమె కూలిపోయింది. చలిజ్వరం, ఒకటే మంట. సంగారెడ్డి దవాఖానలో పెట్టారు. నీళ్లు తాగక, ఆపుకోవడం వల్ల లోపల చీము పట్టిందని డాక్టరు నాన్నకు చెప్పాడు. ఎందుకు ఆపుకున్నావమ్మా అని ఆమెను అడిగితే గోడవైపు తిరిగి పడుకుంది. ఊరి బోరింగులో అన్ని నీళ్లుండగా తన చెల్లెలు నీళ్లు తాగకపోవడమేమిటో నాన్నకు అర్థం కాలేదు. ఏదో గాలి సోకిందనుకున్నాడు. దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టాడు, ఏడుపాయల అమ్మవారికి మొక్కుకున్నాడు, శనివారం భజనలో ఆమె పేర రెండు పాటలు ఎక్కువ పాడించాడు. ఆయన హార్మోనియం వాయిస్తూ కళ్లు మూసుకొని పాడుతుంటే నేనూ అమ్మా ఆడవాళ్ల వరసలో కూర్చొని ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. ఇద్దరికీ తెలుసు. ఇంటికి వస్తూ దారిలో నాన్నకు చెబుదామా అన్నాను. మగోళ్లతోని చెప్పే ముచ్చటనా గది అంది అమ్మ. నాకూ ఆ జవాబే కావలసింది, చెప్పే పని తప్పింది కదా అనుకున్నాను. ఇప్పటికీ నన్ను ఎక్కువ సిగ్గుపరిచేది ఆ ఊరటే.

ఇంటికి తెచ్చాక ఆమెను వాకిట్లో నులకమంచం మీద పడుకోబెట్టాం. ఒక పొద్దున నాన్న స్నానం చేసి, పూజ చేసి, రాగిచెంబులో తులసితీర్థం పట్టుకొని మంచం పక్కన కూర్చున్నాడు. తాగమన్నాడు. ఆమె తల తిప్పుకుంది. ఆయన మొహం చిన్నబోయింది. మందులు వద్దంటే వద్దనవచ్చు, తీర్థం వద్దన్న మనిషిని ఆయన అంతవరకూ చూడలేదు. తీర్థం గూడ వద్దంటవానే అన్నాడు. అప్పుడు మా మేనత్త, ఏ మాటైనా అరిచి చెప్పే మనిషి, గొంతు పెంచకుండా చెప్పింది.

“తాగితే పోవాలె గద అన్నా. యాడికి పోను? మేం పోయే కాడ నువ్వు దేవుళ్లను కూసోబెట్టినవ్.”

నాన్నకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో చెంబు ఒరిగి తీర్థం ఆయన పంచె మీద ఒలికింది. నేను గడపలో నిలబడి ఉన్నాను. ఆమె ఇంకా అయిపోలేదన్నట్టు మళ్లీ అందుకుంది.

“అంతట ఉన్నడు, అంతట సూస్తడు అని నువ్వే అంటివి. మరి టైలు పెట్టకముందు ఆడ లేకుండెనా? ఉండె. గప్పుడు ఆడోళ్లు అని కండ్లు మూసుకుంటుండె. నువ్వే పోయి ఆయన కండ్లు తెరిపిస్తివి.”

నాన్న చెంబు కింద పెట్టి, పంచె తడిసినచోట చూసుకుంటూ కూర్చున్నాడు. మా నాన్న సిగ్గుపడటం నేను అంతకుముందు చూడలేదు. పెద్దవాళ్లు సిగ్గుపడితే చూసేవాళ్లకు ఎక్కడ కళ్లు పెట్టుకోవాలో తెలియదు. నేను పొయ్యి దగ్గరికి వెళ్లి, మండుతున్న పొయ్యినే మళ్లీ ఊదుతూ కూర్చున్నాను.

ఆ రోజు డ్యూటీకి ఉలీ సుత్తీ పట్టుకొని వెళ్లాడు. అందరూ చూస్తుండగా సందులోని టైల్సు ఒక్కొక్కటీ ఊడబెరికాడు. కొన్ని ముక్కలయ్యాయి. ముక్కలన్నీ తువ్వాలలో మూటకట్టుకున్నాడు. మేనేజరు గారు పిలిపించారు, తనిఖీవాళ్లు ఇవాళో రేపో వస్తారనగా నీకేం పట్టిందయ్యా అని. నాన్న మూట పట్టుకొని నిలబడ్డాడు. ఎంత అడిగినా తప్పయింది సార్, తప్పయింది సార్ అంటాడే గాని ఏం తప్పో చెప్పడు. మతి గాని చెడిందా అని ఆయన ప్యాకింగులోంచి నన్ను పిలిపించారు. నేను వెళ్లి నాన్న పక్కన నిలబడ్డాను. తెలుగులో ఆ పనికి ఉన్న మాటలన్నీ గుర్తొచ్చాయి, ఒక్కటీ నాన్న పక్కన నిలబడి అనగలిగేది కాదు. చివరికి తల వంచుకొని, ఆడోళ్లకు బాత్రూం లేదు సార్ అన్నాను. అంతే. పరాయి భాష మాట ఒకటి దొరికింది కనుక బతికిపోయాను. మేనేజరు గారు కిటికీలోంచి వెనక గోడ వైపు చూశారు. ఆ సందూ, తుమ్మలూ, ఇన్నేళ్లుగా అన్నం వేళ అటు నడిచే ఆడవాళ్ల గుంపూ ఆయనకు ఒక్కసారిగా గుర్తొచ్చినట్టున్నాయి. ఆయన మొహం కూడా ఎర్రబడింది. వెళ్లండి అన్నారు, మా ఇద్దరి వైపూ చూడకుండా.

కొన్నాళ్లకు రేకుల కప్పుతో ఆడవాళ్లకు రెండు గదులు కట్టించారు. ఆ కొన్నాళ్లూ ఏం జరిగిందో చెబితే మీరు నవ్వుతారు, నవ్వండి. నాన్న వెదురుబొంగులు పాతి, గోనెపట్టాలు కుట్టి సందులో తెర కట్టాడు. అన్నాలవేళ కాగానే సందు మొదట్లో, రోడ్డు వైపు మొహం పెట్టి, మాకు వీపు తిప్పి, కర్ర పట్టుకొని నిలబడేవాడు. ఊరికే నిలబడటం కాదు, గొంతెత్తి భజన పాడేవాడు. తాను అక్కడున్నానని లోపలివాళ్లకు తెలియాలి, లోపలి చప్పుడు తన చెవిన పడకూడదు, అందుకు. దారిన పోయే బీహారు కుర్రాళ్లు ఆగి తాళం వేసేవాళ్లు. మా ఆడవాళ్లు, భజన షురువైంది, పాండ్రి అని ఒకరినొకరు లేపుకొని వెళ్లేవాళ్లు. మా మేనత్త తిరిగి పనిలో చేరిన రోజు తెర వెనకనుంచి, అన్నా, గా చరణం మళ్లొకసారి అని అరిచింది. నాన్న మళ్లొకసారి పాడాడు, వెనక్కి తిరగకుండా.

మూటలోని ముక్కలను చెరువులో కలుపుదామనుకున్నాడు. చెరువు నీళ్లు అప్పటికే రంగు మారి ఉన్నాయి, ఆ నీళ్లలో దేవుణ్ని వేయడానికి మనసొప్పక పెరట్లో తులసిమొక్క మొదట్లో పాతిపెట్టాడు. భజనలు మానలేదు గాని, పాటల మధ్య చెప్పే మాటలు తగ్గిపోయాయి. ఆయన సూడని తావు లేదు అన్న మాట మళ్లీ ఎన్నడూ ఆయన నోట వినలేదు. ఎవరైనా గుర్తుచేసి చెప్పమని అడిగితే, ఉన్నడు, అంతట ఉన్నడు, ఎప్పుడు సూడాల్నో ఎప్పుడు సూడొద్దో ఆయనకు ఎర్కే అని హార్మోనియం అందుకునేవాడు. పెద్ద పెద్ద ప్రవచనాలు టీవీలో చాలా విన్నాను, నాకు ఇంతకన్నా నచ్చిన మాట తగల్లేదు. నాన్నా, మేనత్తా ఇద్దరూ పోయి చాలా కాలమైంది. సాయంత్రం సంచి తెరిచి ఖాళీ సీసా చూపించి, చూసినవా అన్నా, చుక్క మిగల్చలేదు అనే ఆమె మొహం నాకు కళ్లకు కట్టినట్టే ఉంది.

ఇదంతా వారం రోజులుగా నెమరేసుకుంటూ, నన్ను నేను మెచ్చుకుంటూ కూడా ఉన్నానని చెప్పాలి. ఈ అపార్ట్‌మెంటులో ఎవరికీ తెలియని సంగతి నాకు తెలుసని, కింద ఉన్న టైల్సు చూసి అసలు సంగతి గ్రహించగలిగేది నేనొక్కదాన్నేనని. మొన్న మధ్యాహ్నం పనమ్మాయి తన సంచి వంటగది తలుపుకు తగిలించి చీపురు అందుకుంది. జహీరాబాద్ వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడ రేకుల ఇంట్లో కిరాయికి ఉంటుంది, తెల్లవారగానే వచ్చి మా బ్లాకులో ఇల్లు ఇల్లూ తిరిగి పని చేసుకొని మధ్యాహ్నం దాటాక పోతుంది, చివరి ఇల్లు మాదే. టీ తాగుతావా అన్నాను. వద్దమ్మా, ఇప్పుడే తాగి వచ్చిన అంది. తెల్లవారి ఎప్పుడో ఇంట్లోంచి బయలుదేరిన మనిషి, ఎండ నడినెత్తికొచ్చాక, ఇప్పుడే ఎక్కడ తాగింది? తలుపు గాలికి కదిలింది, సంచి తెరుచుకుంది. అందులో నీళ్ల సీసా. నిండుగా ఉంది.

ఈ ఇంట్లో మనవడితో కలిపి మేము నలుగురం, బాత్రూములు మూడు. వాటిని రోజూ కడిగేది ఆ అమ్మాయే. వాడుకోవద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు. వాడుకోమనీ ఎవరూ చెప్పలేదు. ఏడాదిగా నేను టీ అడుగుతున్నాను, ఆమె వద్దంటోంది, అది మర్యాద అనుకొని గొణుక్కుంటున్నాను. మా మేనత్త మేనకోడల్ని నేను. గేటు దగ్గర సంచి చూసి కూడా గ్రహించని మా నాన్నను ఇన్నేళ్లూ మనసులో ఎంత తప్పుపట్టానో. ఆయన ఆ సీసా చూసింది ఒక్క ఎండాకాలమే.

అడిగాను, మరి నువ్వు ఎక్కడికి వెళతావమ్మా అని. చీపురు ఆపింది. నేల చూస్తూ చెప్పింది.

“మస్తు ఆపుకుంటమమ్మా. ఇగ ఆగకపోతే పనోళ్లం ఇద్దరిద్దరం కలిసి కింద జనరేటర్ ఎనకకు పోతుంటిమి. మొన్న ఆడ దేవుళ్లను పెట్టిండ్రు గదా.”

చేలు కంపెనీలయ్యాయి, కంపెనీల చుట్టూ మేడలు లేచాయి, ఎడ్లబండ్లు పోయిన దారిలో కార్లు బారులు తీరుతున్నాయి, మా అబ్బాయి తాతను తలుచుకొని ఎంత ఎదిగామో చూడమ్మా అంటుంటాడు. నిజమే, ఎదిగాము. గోడల మీద దేవుళ్లు కూడా అప్పటికన్నా ఇప్పుడు నునుపుగా, రంగురంగులుగా ఉన్నారు. నీళ్లు తాగకుండా పని చేసే ఆడది మాత్రం మా గేటు నుంచి మా వంటగదిలోకి వచ్చింది, అంతే. సంఘం గ్రూపులో ఈ మాట రాద్దామని ఫోను తీశాను. మేనేజరు గారి ముందు అన్న ఆ ఒక్క మాటే రాయాలి. రాశాను, చెరిపేశాను. అందరూ ఏమనుకుంటారో, కోడలు ఏమనుకుంటుందో. ఇంకా రాయలేదు. రాస్తాననే అనుకుంటున్నాను.

ఆ పూటకు చేయగలిగింది ఒకటే చేశాను. నా గదిలో బాత్రూం తలుపు తీసి, వెళ్లమ్మా, రోజూ వెళ్లు అన్నాను. ఆమె కదల్లేదు. కోడలమ్మ ఏమన్న అంటదేమో అంది. లోపలికి అడుగుపెట్టి తలుపు వేసుకోవడానికి ఆమె ఇంకా జంకుతుంటే, నేను బాల్కనీ వైపు తిరిగి, ఆమెకు వీపు పెట్టి నిలబడి, మా నాన్న పాడే భజన ఒకటి ఎత్తుకున్నాను. ఆయన గొంతు కంచు, నాది కాదు. చరణం మధ్యలో తప్పాను, మళ్లీ మొదటినుంచి అందుకున్నాను. వెనక తలుపు గడియ పడిన చప్పుడు వినిపించేదాకా, ఆ తర్వాత కూడా, గట్టిగానే పాడాను.